ఎల్‌సీ తీసుకున్నావా?

శనివారం రాత్రి, కెజిక్, ఇంగ్లండ్.

పొద్దున కాఫీకి నీళ్లు పడదామని కుళాయి తిప్పితే దారంలా సన్నగా ధార వచ్చి ఆగిపోయింది. బయట డ్రమ్ములో పంపు గుర్రుమంటోంది, నీళ్లు మాత్రం పైకి ఎక్కడం లేదు. లీడ్స్ నుంచి నిన్న సాయంత్రమే వచ్చాం. ఫిబ్రవరిలో పాతది కొన్న ఈ కారవాన్‌కి, అంటే కారు వెనక తగిలించి లాక్కెళ్లే ఈ చక్రాల ఇంటికి, ఇదే మొదటి దూరప్రయాణం. కిటికీలోంచి డెర్వెంట్‌వాటర్ సరస్సు మీద మంచు కనిపిస్తోంది, చిన్నోడు చేతిలో బ్రష్షు పట్టుకుని నీళ్ల కోసం నిలబడి ఉన్నాడు.

"ఊళ్లోకి వెళ్లి కొత్త పంపు తెచ్చేస్తా" అన్నారు మా ఆయన. ఆగమన్నాను. ముందు పంపుని డ్రమ్ములో నీళ్లలోనే నాలుగైదుసార్లు అటూ ఇటూ ఊపాను. ఈ రకం పంపులో గాలి బుడగ ఇరుక్కుంటే మోటారు తిరిగినా నీళ్లు లాగదు. ఊపినా మార్పు లేదు. తర్వాత బాత్రూమ్ కుళాయి తిప్పి చూశాను, అక్కడా అంతే. కుళాయి తిప్పగానే లోపల ఒక చిన్న స్విచ్ టక్కుమని పంపుకి కరెంటు ఇస్తుంది. ఒక కుళాయి స్విచ్ పాడవ్వచ్చు. రెండూ ఒకేసారి పాడయ్యాయంటే నమ్మబుద్ధి కాలేదు. అంటే తేడా రెండింటికీ ఉమ్మడిగా ఉన్న వైరులోనో, పంపులోనో ఉంది.

మీటరు తీశాను. బ్యాటరీ దగ్గర 12.6 వోల్టులు. పంపు ప్లగ్గు పీకి, కుళాయి తిప్పి ఉంచి, బయటి సాకెట్లో మీటరు పెడితే 12.5. నిజంగా ఇక్కడే మోసపోయేదాన్ని. సాకెట్లో పన్నెండున్నర వస్తోంది కదా, ఇక పంపే పోయిందని ఎవరైనా అనుకుంటారు. కానీ కరెంటు పారనప్పుడు చెడ్డ జాయింటు కూడా మంచి రీడింగే చూపిస్తుంది. పంపు తగిలించి, చిన్నోణ్ని కుళాయి తిప్పమని, సాకెట్ వెనక తీగల దగ్గర మళ్లీ కొలిచాను. 7.9. అదే సమయంలో బ్యాటరీ దగ్గర 12.4 ఉంది. మధ్యలో నాలుగున్నర వోల్టులు ఎక్కడో దారిలోనే ఖర్చయిపోతున్నాయి.

మీటరు ఒక మొన బ్యాటరీ నెగెటివ్ మీద ఉంచి, రెండోదాన్ని పాజిటివ్ వైరు వెంట ఒక్కో చోటా ఆనించుకుంటూ వెళ్లాను. ఫ్యూజు పెట్టె దాటాక 12.3. సీటు కింద అరలో, నల్ల టేపు చుట్టిన ఒక జాయింటుకి ఇవతల 12.2, అవతల 8. దొరికింది.

టేపు మీద చెయ్యి పెడితే వేడిగా ఉంది. పంపు లాగే మూడు ఆంపియర్లని నాలుగు వోల్టులతో హెచ్చిస్తే పన్నెండు వాట్లు. పన్నెండు వాట్ల వేడి, ప్లైవుడ్ గోడకి ఆనుకుని, మేం పడుకునే సీటు కింద. ఈ వేడిని ఏ ఫ్యూజూ ఆపదు, ఎందుకంటే చెడ్డ జాయింటు కరెంటుని తగ్గిస్తుందే తప్ప పెంచదు. రాత్రి చిన్నోడు పడుకున్నది ఆ సీటు మీదే. కాసేపు చేతులాడలేదు.

సరిగ్గా అప్పుడే తెనాలి నుంచి నాన్న వీడియో కాల్. అక్కడ మధ్యాహ్నం ఒంటిగంట, భోజనం చేసి కూర్చున్నారు. నా చేతిలో స్పానర్ చూసి మొదటి మాట: "ఎల్‌సీ తీసుకున్నావా తల్లీ?"

నాన్న ముప్పై ఏళ్లు లైన్‌మన్‌గా చేశారు. స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్, ఆ లైనుకి కరెంటు ఆపేశామన్న మాట తీసుకోవడం, టైముతో సహా పుస్తకంలో రాసుకోవడం, అప్పుడు కూడా ముందు పరీక్షించి, తీగలకి ఎర్త్ రాడ్డు తగిలించాకే చెయ్యి వెయ్యడం. వానరాత్రి ఫోను వచ్చినా, ఊరంతా చీకట్లో తిట్టుకుంటున్నా ఈ వరస తప్పేవారు కాదు. ఎల్‌సీ అనే మాట నేను బళ్లో చేరకముందే విన్నాను.

"ఇప్పుడు తీసుకుంటున్నా నాన్నా" అని ఫోను కిటికీకి ఆనించి పెట్టాను.

కొలవడానికి బ్యాటరీ కావాలి కానీ కోయడానికి అక్కర్లేదు. ముందు కారవాన్ లోపల మెయిన్ స్విచ్ దించాను. క్యాంపు సైట్‌లో మాకు కరెంటు ఇచ్చే స్తంభం దగ్గర నీలం ప్లగ్గు పీకించాను, ఆ తర్వాతే కారవాన్ వైపుది. లోపలి 230 వోల్టుల వైరింగ్ నేను ముట్టుకోను, అది ఎలక్ట్రీషియన్ పని. అయినా ఆ ప్లగ్గు పీకి తీరాలి. లోపలి ఛార్జర్ ఆ కరెంటుతోనే నడుస్తుంది, బ్యాటరీ విప్పేసినా 12 వోల్టుల తీగల్లోకి కరెంటు పంపుతూనే ఉండొచ్చు. బ్యాటరీ తీసేశాం కదా అని ధైర్యంగా చెయ్యి పెట్టేది అక్కడే.

గాజులు, ఉంగరం తీసి కప్పులో వేశాను. పుస్తెలతాడు తీయడానికి మనసొప్పలేదు, జాకెట్ లోపలికి వేసుకుని జిప్పు మెడదాకా లాక్కున్నాను. పన్నెండు వోల్టులకి షాక్ కొట్టదు, నిజమే. కానీ బ్యాటరీ రెండు కొసల మధ్య ఉంగరమో స్పానరో పడితే వందల ఆంపియర్లు పారతాయి, లోహం ఎర్రగా కాలి వేలు పట్టుకుంటుంది. అందుకే నెగెటివ్ ముందు విప్పాలి. నెగెటివ్ ఛాసిస్‌కి, అంటే బండి ఇనప చట్రానికి, కలిసి ఉంటుంది కాబట్టి, పాజిటివ్ ముందు విప్పుతూ స్పానర్ పొరపాటున ఛాసిస్‌కి తగిలిందంటే నిప్పులే. విప్పిన కొసకి గుడ్డ చుట్టి పక్కకి పెట్టాను. పంపు వైరు మీద మీటరు పెడితే సున్నా. నాన్న ఊరుకోలేదు, "మీటరు బతికే ఉందా? బ్యాటరీ మీద చూడు" అన్నారు. 12.6 చూపించాక తలూపారు.

టేపు విప్పాను. రెండు తీగలు మెలేసి వదిలేశారు, అంతే. పోగులన్నీ పచ్చగా చిలుము పట్టి, నాలుగైదు తప్ప మిగతావి విరిగిపోయాయి. మెరిసే రాగి కనిపించేదాకా రెండు వైపులా కోసుకుంటూ వెళ్తే జానెడు వైరు పోయింది. మధ్యలో 2.5 చదరపు మిల్లీమీటర్ల కొత్త ముక్క వేసి, క్రింపింగ్ స్లీవ్‌లు, అంటే తీగ కొసలు దూర్చి నొక్కే చిన్న లోహపు గొట్టాలు, నొక్కి, గట్టిగా లాగి చూసి, పైన వేడికి ముడుచుకునే గొట్టం వేడి చేసి బిగించాను. మా ఆయన టార్చి పట్టుకున్నారు.

ఫ్యూజు పెట్టె మూత మీద పంపుకి 10 ఆంపియర్లు అని అచ్చువేసి ఉంది. లోపల ఉన్నది పసుపు రంగుది, 20. ఫ్యూజు కాపాడేది పంపుని కాదు, వైరుని. పది తట్టుకునే వైరు ముందు ఇరవై పెడితే, షార్ట్ అయినప్పుడు ఫ్యూజు కన్నా ముందు వైరు కాలుతుంది. ఊళ్లో ఎవరింట్లోనైనా ఫ్యూజు పోయినచోట లావు తీగ చుట్టి కనిపిస్తే నాన్న మాట్లాడకుండా ఆ తీగ పీకి జేబులో వేసుకునేవారు, సరైన తీగ తనే కట్టి వచ్చేవారు. పసుపుదాన్ని తీసి నా జాకెట్ జేబులో వేసుకుని, ఎర్రది, పదిది పెట్టాను.

నెగెటివ్ చివర బిగించి కుళాయి తిప్పాను. రెండుసార్లు గాలి తుళ్లి, తర్వాత నిండుగా ధార. పంపు నడుస్తుండగా సాకెట్ దగ్గర 11.9.

"ఎంతొచ్చింది?" అన్నారు నాన్న. చెప్పాను. "జాయింటు ఇంకోసారి పట్టుకుని చూడు" అన్నారు. పది నిమిషాలు కుళాయి నడిపి చూశాను. చల్లగా ఉంది. అప్పుడు గాని నాన్న మధ్యాహ్నం నిద్రకి వెళ్లలేదు.

కాఫీ పదకొండింటికి తాగాం. బాత్రూమ్ కింద అదే నల్ల టేపుతో ఇంకో జాయింటు కనిపించింది, లైట్ల వైరు. ఈ రాత్రికి ఆ లైట్ల ఫ్యూజు తీసి పక్కన పెట్టాను. రేపు పొద్దున వెలుతురులో విప్పాలి. స్లీవ్‌లు ఇంకా మూడు ఉన్నాయి.