మా గెట్టు కొలిపించుకున్న అనుభవం

మా ఊరు వర్ధన్నపేట దగ్గర. వాగు పక్కన మాకు ఒక చెలక ఉంది, పత్తి వేస్తాం. పాసుపుస్తకంలో విస్తీర్ణం 4.20 అని ఉంటుంది. "గెట్టు జరిగింది, మన భూమి తక్కువ పడుతున్నది" అని బాపు ఏండ్ల నుంచి అంటున్నాడు. నిరుడు ఎండాకాలంలో నేను ఫోన్‌లో యాప్ పెట్టుకుని గెట్ల వెంబడి చుట్టూ నడిచాను. 4.2 ఎకరాలు చూపించింది. "సరిగ్గానే ఉంది బాపూ, అనుమానపడకు" అన్నాను.

నేను చెప్పింది తప్పు. పాసుపుస్తకంలో ఆ చుక్కకు ఎడమవైపు ఎకరాలు, కుడివైపు గుంటలు. ఎకరానికి 40 గుంటలు. అంటే 4.20 నాలుగున్నర ఎకరాలు. ఫోన్ చూపించిన 4.2 నాలుగు ఎకరాల ఎనిమిది గుంటలు. తేడా 12 గుంటలు! కోస్తా వైపు సెంట్ల లెక్క, ఎకరానికి 100. అక్కడ 4.20 అని రాస్తే మన 4 ఎకరాల 8 గుంటలే అవుతుంది. ఏ నంబరులో ఎంత భూమి, ఎవరిది, ఏం సాగు అని రాసే రికార్డును మనం పహాణీ అంటాం, అక్కడ అడంగల్ అంటారు. ఆ వైపు వీడియోలు చూసి మన కాగితం చదివితే ఇట్లాగే పొరపాటు పడతాం.

మీసేవలో హద్దుల కొలతకు ఎఫ్ లైన్ దరఖాస్తు పెట్టాను. ఆఫీసులో అడిగిన మొదటి మాట: "టిప్పన్ ఉందా? సేత్వార్ తెచ్చినవా?" నాకు రెండూ తెలియవు. మూడుసార్లు తిరిగాను, ఎవరూ విడమరచి చెప్పలేదు. చదువుకున్న నాకే ఇంత టెన్షన్ అయితే బాపు లాంటివాళ్లు ఎట్లా నెగ్గుకొస్తారని చాలా బాధేసింది.

చివరికి మా ఊళ్లోనే ఒక తాత దొరికాడు. వయసులో ఉన్నప్పుడు సర్వేవాళ్ల వెంట గొలుసు పట్టినవాడు. నకళ్లు తీసుకుని ఆయన ముందు కూర్చున్నాను. సేత్వార్ అంటే నిజాం కాలపు బందోబస్తులో, అంటే భూములు కొలిచి శిస్తు కట్టినప్పుడు, ఏ సర్వే నంబరుకు ఎంత విస్తీర్ణం, ఎంత శిస్తు అని రాసిన మూల రికార్డు. అందులో ఫసలీ సంవత్సరం ఉంటుంది, దానికి 590 కలిపితే మనం ఇప్పుడు వాడే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. భూమి ఎవరిది, ఎవరి సాగులో ఉంది అని రాసిన ఖాస్రా పహాణీ 1954-55 నాటిది. గ్రామ నక్షాలో ఊరి నంబర్లన్నీ ఒక్కచోట కనిపిస్తాయి. టిప్పన్ మాత్రం ఒక్క సర్వే నంబరుకే గీసిన కొలతల పటం.

మా టిప్పన్‌లో అడుగులు లేవు, గొలుసులు, అణాలు ఉన్నాయి. గొలుసు 33 అడుగులు, అందులో 16 అణాలు. అణా రెండడుగులకు కొంచెం ఎక్కువ. "గొలుసు పొడవు, గొలుసు వెడల్పు ఉంటే అది గుంట బిడ్డా" అన్నాడు తాత. 33 అడుగులను 33తో గుణిస్తే 1089 చదరపు అడుగులు, అంటే 121 గజాలు. మా చెలక దాదాపు 20 గొలుసుల పొడవు, 9 గొలుసుల వెడల్పు. రెండూ గుణిస్తే 180 గుంటలు, అదే 4 ఎకరాల 20 గుంటలు. క్యాలిక్యులేటర్ అక్కర లేకుండా పొలంలో నిలబడే లెక్క తేలేటట్లు పెట్టిన పద్ధతి అది. ఆ పటం మీద నాకు అప్పుడే గౌరవం కలిగింది.

పహాణీలో ఇంకో సంగతి బయటపడింది. మొత్తం విస్తీర్ణం పక్కన, సాగుకు పనికిరాని భూమి అనే గడిలో 5 గుంటలు ఉంది. దాన్నే పోట్ ఖరాబు అంటారు. వాగు అంచున రాళ్లు తేలిన పట్టీ అది. మాదే, కానీ నేను యాప్‌తో నడిచినప్పుడు దాన్ని వదిలేసి గెట్టు వెంబడే వచ్చాను. ఇక తేలాల్సింది 7 గుంటలు.

పక్క రైతులకు నోటీసులు వెళ్లాయి. దసరా దాటాక సర్వేయర్ వచ్చాడు. మొదట మా పొలంలోకి రాలేదు. పక్క నంబర్లలో చెక్కుచెదరని హద్దు రాళ్లను వెతికి, వాటి నుంచి లోపలికి కొలుచుకుంటూ వచ్చాడు. గెట్టు మనుషులు వేసుకునేది, అది జరుగుతుంది, రాయి నుంచే మొదలుపెట్టాలి అన్నాడు. తూర్పు గెట్టు ఉత్తరం చివర రాయి మీదనే ఉంది. దక్షిణం చివర, వాగు దగ్గర, 23 అడుగులు మా వైపు లోపలికి ఉంది. కొలత ప్రకారం రాయి ఉండాల్సిన చోట గడ్డపారతో తవ్వితే ఇసుక మేట కింద, మోకాలి లోతులో తగిలింది. ఎప్పుడో వాగు పొంగి గెట్టు కొట్టుకుపోతే అందాజాగా మళ్లీ వేసుకున్నారు. ఒక చివర సున్నా, ఇంకో చివర 23 అడుగులు. 660 అడుగుల పొడవున ఆ ముక్కోణం లెక్క కట్టాను. ఏడు గుంటలు.

ఇన్నేండ్లు బాపు మనసులో పక్క పొలం కాక మీద కోపం ఉండేది. కాక ఆ రాయిని చూసి చాలాసేపు మాట్లాడలేదు. "అన్నా, నేను జరుపలేదే" అన్నాడు. బాపు తల ఊపాడు. పంచనామా మీద ఇద్దరూ సంతకం పెట్టారు. కాక పత్తి అప్పుడే పగులుతున్నది.

"ఏరుకో తమ్మీ, ఏరినంక గెట్టు వేసుకుందాం" అన్నాడు బాపు.