ప్యారలల్ ల్యాబు రికార్డు మీద సంతకం పడేదాకా

మా ప్యారలల్ ప్రోగ్రామింగ్ ల్యాబు (ఒక పనిని ముక్కలు చేసి ఒకేసారి నడిపించుడు నేర్పేది) రికార్డు మీద ఇయ్యాల సంతకం పడింది. కోపం చల్లారకముందే రాస్తున్న.

ఉబుంటు (లినక్స్ ఆపరేటింగ్ సిస్టం), జీసీసీ (రాసిన కోడ్‌ను కంప్యూటర్ నడిపేటట్టు మార్చే కంపైలర్) వేసుకునుడు అల్కనే. ఎంపీఐ (వేరువేరు ప్రాసెస్‌లు మెసేజ్‌లు పంపుకుంట పని పంచుకునే పద్ధతి) ప్రోగ్రాములు ఎంపీఐసీసీతో కంపైలయినయ్, ఎంపీఐరన్‌తో నడిచినయ్. తిప్పలు పెట్టింది ఓపెన్‌ఎంపీ కూడిక ప్రోగ్రాం. ఓపెన్‌ఎంపీ అంటే ఒకే ప్రోగ్రాం పనిని థ్రెడ్లకు, అంటే ఒకేసారి నడిచే పాయలకు, పంచే పద్ధతి.

ఒకటి నుంచి పది లక్షల దాకా అంకెలన్నీ కూడాలె. జవాబు 5,00,00,05,00,000. కాల్క్యులేటర్ కూడా అక్కర్లేదు, టెన్త్ ఫార్ములాతోనే తేలుతది. సీనియర్ల నుంచి చేతులు మారుకుంట వచ్చిన రికార్డుల ఫర్ లూప్ మీద ‘ప్రాగ్మా ఓఎంపీ ప్యారలల్ ఫర్’ అని ఒక్క లైను (లూప్ పనిని థ్రెడ్లకు పంచమని), అంతే. ఉన్నదున్నట్టు కొట్టి నడిపిస్తే ఒకసారి ఒక జవాబు, ఇంకోసారి ఇంకోటి. కంపైలర్ ఒక్క వార్నింగన్న ఇయ్యలే. ల్యాబు సార్ అందరి ముందట, "లెక్కలు కంప్యూటర్‌కు రావా, నీకు రావా?" అన్నడు. క్లాసంతా నవ్వింది. నవ్వినోళ్ల రికార్డులల్ల జవాబు కరెక్టే ఉంది మరి! ఎట్లుండదు, వాళ్లు ప్రోగ్రాం నడిపితే కదా. పాత రికార్డు చూసి ఎక్కించిన్రు.

రూంకొచ్చి ఓఎంపీ నం థ్రెడ్స్ (ఎన్ని థ్రెడ్లు నడవాల్నో ప్రోగ్రాం బయటనుంచి చెప్పే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్) 1 పెట్టిన. ప్రతిసారీ సరైన జవాబే. 4 పెట్టంగనే మళ్ల తప్పు. నాలుగు థ్రెడ్లు ఒకే సమ్‌ను (కూడిన మొత్తం ఉండే వేరియబుల్‌ను) చదివి, కలిపి, తిరిగి రాస్తున్నయ్; ఒకటి రాసినదాన్ని ఇంకోటి తుడిచేస్తున్నది.

నెట్‌ల తలా ఒకటి చెప్పిన్రు. ఆఖరికి ఓపెన్‌ఎంపీ వాళ్ల సొంత స్పెసిఫికేషన్ (నియమాల పుస్తకం) పట్టుకున్న, ఫ్రీగనే దొరుకుతది. ఏ వెర్షన్ చదవాల్నో మీ కంపైలర్‌నే అడగున్రి: అండర్‌స్కోర్ ఓపెన్‌ఎంపీ మాక్రో ప్రింట్ చేస్తే నాకు 201511 వచ్చింది. అంటే 2015 నవంబర్ నాటి 4.5. మొదటి చాప్టర్లనే ఉంది: రేస్ కండిషన్లు (ఇట్ల ఒకదాని రాత ఇంకోటి తుడిచేసుడు) వెతికే బాధ్యత కంపైలర్‌కు లేదు, ప్రోగ్రాం రాసేటోడే చూసుకోవాలె. దీనికి మందు, ఆ ప్రాగ్మా లైనుకే తగిలించే రిడక్షన్ క్లాజు. అది పెడితే థ్రెడ్డుకొక సొంత సమ్ వస్తది, చివర్ల అన్నీ కలుస్తయ్.

ఆ రెండు పేజీలు క్లాక్ టవర్ కాడ ప్రింట్ తీపించి సార్ టేబుల్ మీద పెట్టిన. చదివిండు. "సరే, గట్లనే రాసుకో" అని మెల్లగ అన్నడు. తిట్టేటప్పుడున్న గొంతు అప్పుడేమాయెనో.

మొత్తం స్పెసిఫికేషన్ ప్రింట్ తీయకున్రి, వందల పేజీలు, జిరాక్సోడు బాగుపడతడు. ఎగ్జాంపుల్స్ అని వేరే డాక్యుమెంట్ ఉంటది, ముందు అది చదవున్రి. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌కు జీసీసీ వాళ్ల లిబ్‌గాంప్ (జీసీసీల ఓపెన్‌ఎంపీని నడిపే లైబ్రరీ) మాన్యువల్ చాలు. పరీక్షలప్పుడు అమ్మే ఆల్ ఇన్ వన్ గైడ్ల జోలికి పోకున్రి. నేను కొన్నదాంట్ల రిడక్షన్ అన్న మాటే లేదు.

జూనియర్లు అప్పుడే నా రికార్డు ఫోటోలు అడుగుతున్నరు. రిడక్షన్ ఎందుకు పెట్టిన్నో చెప్పినోళ్లకే పంపుత.