బియ్యం బస్తా నోట్‌బుక్: ఏడు నెలలు, మూడు బస్తాలు

మూడో బస్తా నిన్నటితో అయిపోయింది. 25 కిలోలు, 52 రోజులు. ఒక్క పురుగు కూడా కనిపించలేదు. చివరి డబ్బాలోని బియ్యం కూడా మొదటి వారంలో ఉడికినట్టే పొడిపొడిగా ఉడికింది. మొదటి బస్తాతో పడ్డ బాధ గుర్తుంది కాబట్టి ఇవాళ నాకు నిజంగా సంతోషంగా ఉంది. ఈ ఏడు నెలల్లో మూడు బస్తాలు కొన్నాను. మధ్యలో రెండు నెలలు కిలో, రెండు కిలోల చొప్పునే తెచ్చి పరీక్షలు చేశాను. నోట్‌బుక్‌లో అక్కడక్కడా రాసుకున్నవన్నీ ఇప్పుడు ఒకచోట పెడుతున్నాను.

మొదటి బస్తా

షాపులో బస్తా మూతి విప్పి పైనుంచి గుప్పెడు తీసి చూపించారు. గింజ తెల్లగా, మెరుస్తూ ఉంది. "పాతవేనా అండీ?" అని అడిగాను. "పాతవేనండీ, ధైర్యంగా తీసుకెళ్ళండి" అన్నారు. ఇంకేమీ అడగకుండా తెచ్చేసుకున్నాను.

మూడు వారాలకు బస్తా సగానికి వచ్చింది. అక్కడి నుంచి నూక ఎక్కువైంది, అన్నం ముద్ద కట్టడం మొదలైంది. 38వ రోజున గిన్నెలోకి తీస్తుంటే ముక్కుపురుగులు కనిపించాయి. చాలా గింజలకు సూదితో పొడిచినట్టు రంధ్రాలున్నాయి. ఇంకా ఆరు కిలోలు మిగిలి ఉన్నాయి.

డబ్బా శుభ్రంగా లేక పురుగు పట్టిందేమోనని ముందు నన్ను నేనే తిట్టుకున్నాను. తర్వాత చదివితే అర్థమైంది. ముక్కుపురుగు గింజకు చిన్న రంధ్రం చేసి లోపల గుడ్డు పెట్టి, ఆ రంధ్రాన్ని పూడ్చేస్తుంది. పిల్ల లోపలే గింజను తింటూ పెరిగి, పెద్ద పురుగయ్యాకే బయటికి వస్తుంది. వెచ్చని వాతావరణంలో దీనికంతా నెల పైచిలుకు పడుతుంది. అంటే 38వ రోజున నేను చూసిన పురుగులు చాలా వరకు నేను కొన్న రోజుకే గుడ్లుగా గింజల్లో ఉండి ఉండాలి. బయటి నుంచి చూస్తే ఆ గింజ మంచి గింజలాగే ఉంటుంది. కళ్ళతో చూసి కొనడం ఎందుకు చాలదో నాకు అక్కడ తెలిసింది.

నూక సంగతి కూడా అంతే. బస్తాను బండి మీద తెస్తున్నప్పుడు, దించుతున్నప్పుడు అదురుతుంది. ఆ అదురుకు చిన్న ముక్కలు పెద్ద గింజల సందుల్లోంచి కిందికి జారిపోతాయి. పైన చూపించే గుప్పెడు ఎప్పుడూ బస్తాలో ఉన్నదానికంటే బాగానే కనిపిస్తుంది. షాపువాళ్ళు మోసం చేయాలనుకోకపోయినా అంతే.

పాతబడటం వేరు, ముక్కిపోవడం వేరు

నేను ఎక్కువ రోజులు తికమకపడింది ఇక్కడే. "పాత బియ్యం మంచివి" అంటారు. "తాజా బియ్యం కొనాలి" అని కూడా అంటారు. రెండూ నిజమే, కానీ అవి రెండు వేరువేరు సంగతులు.

పంట కోసిన తర్వాత గింజ లోపల మార్పులు జరుగుతూనే ఉంటాయి. మొదటి మూడు నాలుగు నెలల్లో అవి ఎక్కువ. కొత్త బియ్యం ఉడికేటప్పుడు పిండి పదార్థం ఎక్కువగా నీళ్ళలోకి దిగుతుంది. అందుకే గంజి చిక్కగా ఉంటుంది, అన్నం అతుక్కుంటుంది. నిల్వ ఉన్న కొద్దీ గింజ గట్టిపడుతుంది. నీళ్ళు ఎక్కువ పీల్చుకుంటుంది, అన్నం బాగా ఒదుగుతుంది, మెతుకు మెతుకుకీ అంటుకోదు. పాతబడటం అంటే ఇదే. మెత్తగా, జిగురుగా ఉండే అన్నం ఇష్టపడేవాళ్ళకు కొత్త బియ్యమే మేలు. సువాసన బియ్యం కొనేవాళ్ళు కూడా గుర్తుపెట్టుకోవాలి, నిల్వ ఉన్న కొద్దీ ఆ వాసన తగ్గుతుంది.

ముక్కిపోవడానికి కారణం నూనె. తవుడులో 15 నుంచి 20 శాతం దాకా నూనె ఉంటుంది. మర ఆడించేటప్పుడు తవుడు పొర చితుకుతుంది. అక్కడి ఎంజైములు నూనెను విడగొడతాయి, ఆ ముక్కలు గాలి తగిలి చెడిపోతాయి. డబ్బా మూత తీయగానే వచ్చే ఆ పాత అట్టపెట్టె లాంటి వాసన దీనివల్లే. పొట్టు మాత్రమే తీసిన ముడి బియ్యంలో తవుడంతా ఉంటుంది కాబట్టి అది త్వరగా ముక్కుతుంది. మామూలు గది వేడిలో ఆరు నెలలంటే ఎక్కువే. బాగా పాలిష్ పట్టిన తెల్ల బియ్యంలో తవుడు దాదాపు ఉండదు. పొడిగా, గాలి తగలకుండా, చల్లగా ఉంచితే ఏళ్ళ తరబడి నిలుస్తుంది.

వడ్లుగా ఉన్నంతకాలం పొట్టు గింజను కాపాడుతుంది. ఎనిమిది నెలలు వడ్లుగా ఉండి పోయిన నెల మర ఆడించిన బియ్యం, ఎనిమిది నెలల కిందటే మర ఆడించి గోదాములో పడి ఉన్న బియ్యం, రెండింటినీ "పాతవి" అనే అంటారు. రెండూ ఒకటి కావు. అందుకే ఇప్పుడు "పాతవేనా?" అని అడగడం మానేశాను. "వడ్లు ఎన్ని నెలలు ఉంచారు? ఎప్పుడు మర ఆడించారు?" అని రెండు ప్రశ్నలు అడుగుతున్నాను. సంచి మీద ప్యాకింగ్ తేదీ ఒక్కటే ఉంటే దాన్ని మర ఆడించిన తేదీగా లెక్కపెట్టను. సంచిలో నింపిన రోజు మాత్రమే అది.

రెండు నెలల కిలో పరీక్షలు

సామాను పెద్దగా ఏం లేదు. 0.1 గ్రాము దాకా చూపే చిన్న డిజిటల్ కాటా, నల్లటి గుడ్డ, టార్చ్, మూత ఉన్న గాజు సీసాలు రెండు, రెండు చిన్న గాజు పలకలు.

నమూనా తీయడం అన్నిటికంటే ముఖ్యం. బస్తా విప్పనిస్తే పైన, మధ్యలో, అడుగున, పక్కల్లో కనీసం ఐదు చోట్ల తీస్తాను. టోకు వ్యాపారం చేసేవాళ్ళ దగ్గర బస్తాలో గుచ్చి తీసే మొన ఉన్న ఇనుప గొట్టం ఉంటుంది, అడిగితే దాంతో తీసిస్తారు. అది కుదరకపోతే అదే లాట్‌లోంచి, అంటే ఒకేసారి వచ్చిన సరుకులోంచి, కిలో కొని ఇంటికి తెస్తాను.

మొదట 50 గ్రాములు నల్ల గుడ్డ మీద పోసి ఏరుతాను. నిండు గింజ పొడవులో ముప్పావు వంతు కూడా లేని ముక్కలన్నీ నూక కింద లెక్క. నా అంకెలు ఇవి: పరీక్షకు తెచ్చిన మొదటి నమూనాలో నూక 4.6 గ్రాములు, రెండోదాంట్లో 11.3 గ్రాములు. మొదటి బస్తా అడుగున మిగిలిన బియ్యాన్ని కూడా కొలిచాను, 14 గ్రాములు వచ్చింది. అడుగు బియ్యంలో పావు వంతుకు పైగా నూకే అన్నమాట.

నూక తర్వాత సుద్దలా తెల్లగా, వెలుతురు దూరని గింజలు చూస్తాను. ఇవి మెత్తగా ఉంటాయి, త్వరగా విరుగుతాయి. పసుపు రంగు తిరిగిన గింజలంటే నాకు ఇంకా టెన్షన్. కోసిన పంట తడిగా కుప్పలో ఉండి వేడెక్కితే గింజ అలా అవుతుంది. ఒకటో రెండో అయితే ఏరేస్తాను, గుప్పెడులో పది కనిపిస్తే ఆ లాట్ కొననే కొనను. బూజు ఉన్న బియ్యాన్ని కడిగి వాడుకోవచ్చనుకోవడం మాత్రం తప్పు. కొన్ని బూజుల విషం కడిగినా, ఉడికించినా పోదు.

గింజలు వేరువేరు పొడవుల్లో ఉంటే అది కలిపిన సరుకని అనుమానించాలి. అయితే ఒక జాగ్రత్త చెప్పాలి. పోషకాలు కలిపిన బియ్యంలో సాధారణంగా వందకు ఒకటి చొప్పున తయారు చేసిన గింజ ఉంటుంది. దాని రంగు కాస్త తేడాగా ఉండొచ్చు, నీళ్ళలో తేలొచ్చు. దాన్ని చూసి ప్లాస్టిక్ బియ్యం అని కంగారుపడక్కర్లేదు. పురుగు తొలిచిన గింజ కూడా బోలుగా ఉండి తేలుతుంది.

తేమకు ఉప్పు పరీక్ష చేస్తాను. ఉప్పును పెనం మీద వేయించి చల్లార్చి, బాగా ఆరిన సీసాలో మూడో వంతు బియ్యం పోసి, రెండు చెంచాల ఉప్పు వేసి ఒక నిమిషం గట్టిగా కుదపాలి. పావుగంట ఆగి చూడాలి. ఉప్పు గాజు గోడకు అతుక్కుంటే తేమ 15 శాతం దాటినట్టు. అతుక్కోకుండా జారిపోతే అంతకంటే తక్కువ. అంతర్జాతీయ ఆహార ప్రమాణమైన కోడెక్స్‌లో బియ్యానికి గరిష్ఠ తేమ 15 శాతమే. నెలల తరబడి ఉంచాలంటే 14 లేదా అంతకంటే తక్కువ ఉండటం మంచిది. ఈ పరీక్ష కచ్చితమైన అంకె చెప్పదు, కానీ బాగా తడి సరుకును పట్టిచ్చేస్తుంది. పంటి కింద పెట్టి కొరికితే టక్‌మని విరగడం కూడా ఆరిన గింజ గుర్తే.

వాసన పరీక్ష చాలా తేలిక. సీసాలో 50 గ్రాముల బియ్యం, రెండు చెంచాల వేడినీళ్ళు వేసి మూత బిగించి పది నిమిషాలు ఉంచాలి. మూత తీసిన వెంటనే వచ్చే మొదటి వాసనే లెక్క. చల్లటి బియ్యంలో తెలియని ముక్కిన వాసన ఇక్కడ బయటపడిపోతుంది. రెండో నమూనా చూడటానికి ఎంతో బాగుంది, ఈ సీసా పరీక్షలో మాత్రం ముక్కిన వాసన కొట్టింది.

ఒక తప్పు చేశాను, అది కూడా రాయాలి. టార్చ్ వెలుతురులో గింజలను నీళ్ళలో వేసి చూశాను. కొన్ని నిమిషాల్లోనే అడ్డంగా సన్నటి బీటలు పాకడం కనిపించింది. ఒక గీత, దాని పక్కనే ఇంకొకటి. నాసిరకం బియ్యమని రాసేసుకున్నాను. అది తప్పు. బాగా ఆరిన గింజ నీటిని ఒక్కసారిగా పీల్చుకుంటే పగుళ్ళు రావడం సహజం. చూడాల్సింది నానబెట్టకముందు ఉన్న పగుళ్ళను. వడ్లను మరీ వేగంగా ఆరబెట్టినా, ఆరినవి మళ్ళీ తడిసినా ఆ పగుళ్ళు వస్తాయి, అవే వండేటప్పుడు విరుగుతాయి. పొడి గింజలను టార్చ్ మీద పరిచి చూస్తే స్పష్టంగా తెలుస్తాయి. ఆ పేజీ కొట్టేసి మళ్ళీ రాసుకున్నాను.

నాకు బాగా నచ్చింది గాజు పలకల పరీక్ష. మరుగుతున్న నీళ్ళలో బియ్యం వేసి, పది నిమిషాల తర్వాత నిమిషానికోసారి పది మెతుకులు తీసి రెండు పలకల మధ్య నొక్కాలి. మొదట్లో ఒక్కో మెతుకు మధ్యలో తెల్లటి చుక్క మిగిలి ఉంటుంది. అది ఉడకని భాగం. ఆ చుక్క నిమిషం నిమిషానికి చిన్నదవుతూ సూది మొనంత అయి మాయమవుతుంది. పదింట్లో తొమ్మిదింటికి చుక్క పోయినప్పుడు ఉడికినట్టు లెక్క. మొదటి నమూనాకు 17 నిమిషాలు, మెతుకులన్నీ ఒకేసారి వచ్చాయి. రెండోదాంట్లో 14వ నిమిషానికే సగం మెతుకులు చితికిపోయాయి, మిగతా సగంలో ఇంకా చుక్క ఉంది. కలిపిన సరుకు అని నాకు అక్కడే ఖాయమైంది.

నిల్వ

25 కిలోల బియ్యానికి దాదాపు 32 లీటర్ల చోటు కావాలి. ఒకే పెద్ద డ్రమ్ములో పోస్తే రోజూ మూత తీసినప్పుడల్లా మొత్తానికీ గాలి, తేమ తగులుతాయి. రెండో బస్తా నుంచి రబ్బరు వాషర్ ఉన్న ఐదు డబ్బాల్లో పెడుతున్నాను. ఒక డబ్బా అయ్యాకే ఇంకొకటి తెరుస్తాను. పాత బియ్యం మీద కొత్తవి పోయను. డబ్బా ఖాళీ అయ్యాక కడిగి, పూర్తిగా ఆరాక, మూత అంచుల్లో పిండి మిగల్లేదని చూసుకుని నింపుతాను.

పురుగు గుడ్ల భయానికి ఫ్రీజరే నా మందు. రెండేసి కిలోల ప్యాకెట్లు కట్టి మైనస్ 18 డిగ్రీల దగ్గర ఐదు రోజులు ఉంచుతున్నాను. ప్యాకెట్ పెద్దదైతే మధ్యలోకి చలి చేరడానికి చాలా సమయం పడుతుంది, అందుకే చిన్నవి. బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా ప్యాకెట్ విప్పకూడదు. విప్పితే చల్లటి గింజల మీద చెమ్మ పడుతుంది. మా ఫ్రీజర్‌లో ఒకసారికి మూడు ప్యాకెట్లే పడతాయి కాబట్టి బస్తా మొత్తం పూర్తవడానికి మూడు వారాల పైనే పట్టింది. ఎండలో పోస్తే పురుగులు పారిపోతాయి, నిజమే. కానీ గింజ పగిలి నూక పెరుగుతుంది. లోపలి గుడ్లు పోతాయన్న నమ్మకమూ లేదు.

మా ఇంట్లో రోజుకు దాదాపు అరకిలో. 25 కిలోలు రెండు నెలల లోపే అయిపోతాయి. 50 కిలోలు కొంటే కలిసొస్తుందని అనిపించినా, మూడు నెలలు దాటి ఇంట్లో ఉంచే ఉద్దేశం నాకు లేదు.

ఇప్పుడు నడుస్తున్నది

నాలుగో బస్తాకు రెండు లాట్ల నుంచి కిలో చొప్పున తెచ్చాను. ఒకదాంట్లో నూక 50 గ్రాములకు 3.8, ఉప్పు అతుక్కోలేదు, సీసా వాసన శుభ్రంగా ఉంది. గాజు పలకలు రేపు. రెండోదాంట్లో రంధ్రం ఉన్న గింజలు మూడు దొరికాయి, ఇక దానికి మిగతా పరీక్షలు చేయలేదు.

దీనితోపాటు రెండు కిలోల ముడి బియ్యం తెచ్చి సగం ఫ్రీజర్‌లో, సగం అల్మారాలో ఒకే రకం సీసాల్లో పెట్టాను. నెల పూర్తయింది, రెండింటి వాసనకూ ఇంకా తేడా లేదు. నెలకోసారి వేడినీళ్ళ పరీక్ష చేసి తేదీతో రాస్తున్నాను. సీసాల మీద చీటీలు కనిపించకుండా కాగితం చుట్టి, ఏది ఏదో తెలియకుండా ఇంట్లో వాళ్ళ చేత కూడా వాసన చూపిస్తున్నాను.