గంగా స్నానం ఆచ్చా?

పొద్దున్న ఐదు కూడా కాలేదు, ఎవరో తలుపు కొట్టారు. పండగ సెలవే కదా, కాసేపు పడుకుందామని రాత్రి అలారం కూడా పెట్టుకోలేదు. తీస్తే ఎదురింటి మామి, కొత్త చీర, తలకి తడి తువ్వాలు, చేతిలో చిన్న గిన్నె. "గంగా స్నానం ఆచ్చా?" అన్నారు, అంటే అయిందా అని. గంగా స్నానం అంటే తెలిసింది గానీ నన్నెందుకు అడుగుతున్నారో తెలియక అలాగే నిలబడ్డాను. దీపావళి నాడు ఇక్కడ ఎవరు ఎదురుపడ్డా ముందు అడిగేది అదేనట. తెల్లారకముందే నువ్వుల నూనె రాసుకుని తలంటుకుంటే గంగలో మునిగినట్టేనని.

జూన్‌లో ఆయనకి బదిలీ అయి చెన్నై వచ్చాం, నంగనల్లూరులో ఇల్లు. నాలుగు నెలల్లో కూరల కొట్టు, పాప స్కూల్ ఆటో అన్నీ కుదిరాయి. పండగ ఎవరితో చేసుకోవాలన్న దిగులు మాత్రం వారం రోజులుగా వదల్లేదు. పాలకొల్లులో మాకు దీపావళి అంటే సాయంత్రమే. పొద్దున్న తలంటు ఉంటుంది, అమ్మ హారతి ఇస్తుంది, కానీ చీకటి పడేదాకా మందుగుండు ముట్టుకోనిచ్చేవారు కాదు. మధ్యాహ్నమంతా డాబా మీద మతాబులు, చిచ్చుబుడ్లు, వెన్నముద్దలు ఎండబెట్టి నాన్న నన్ను కాపలా కూర్చోబెట్టేవారు. ఆ ఎండలో కూర్చుని సాయంత్రం కోసం ఎదురుచూడటమే నాకు సగం పండగ.

మామి గిన్నెలో ఉన్నది వేడి చేసిన నూనె. నన్నేమీ అడక్కుండా లోపలికి వచ్చి, నిద్రమత్తులో ఉన్న పాపని పీట మీద కూర్చోబెట్టి మాడుకి అద్దారు. కొత్త గౌను అంచున పసుపు పెట్టడం మనలాగే. స్నానం కాగానే పరగడుపున నల్లటి లేహ్యం ఉండ చేతిలో పెట్టారు, అల్లం, పిప్పళ్ళు, వాము, బెల్లం, నెయ్యి వేసి ఉడికించింది, రోజంతా తినబోయే స్వీట్లకి కడుపు ఇబ్బంది పడకుండా. పాప మొహం అంతా ముడుచుకుని, ఘాటుకి కళ్ళలో నీళ్ళు పెట్టుకుని కూడా మింగేసింది.

ఆరింటికి వీధి మొత్తం బయటికొచ్చింది. తమిళనాడులో 2018 నుంచి టపాకాయలకి ప్రభుత్వం పెట్టిన టైము పొద్దున్న ఆరు నుంచి ఏడు, మళ్ళీ సాయంత్రం ఏడు నుంచి ఎనిమిది. వెలుతురులో చిచ్చుబుడ్డి ఏం బావుంటుందనుకున్నాను, కానీ ఇంకా పూర్తిగా తెల్లవారని ఆ బూడిద రంగు వెలుగులో, ముగ్గుల మీద, తడి జుట్లతో పిల్లలు కాలుస్తుంటే నాకు మాట రాలేదు. మన మతాబుని వీళ్ళు మత్తాప్పు అంటారు. ఆ ఒక్క మాటతోనే మా పాప, మామి మనవడు స్నేహితులైపోయారు.

సాయంత్రం మాత్రం నాకు దివిటీలు కొట్టాల్సిందే అనిపించింది. గోగు కాడలు ఎక్కడా దొరకలేదు. టమాటా మొక్కకి ఆనించిన వెదురు పుల్లలు రెండు లాగి, పాత పంచె చింపి ఒత్తులు చేసి నూనెలో తడిపి కట్టాను. "దిబ్బు దిబ్బు దీపావళి, మళ్ళీ వచ్చే నాగుల చవితి" అని పాప చేత నేలకి కొట్టిస్తుంటే మామి మనవడు పరిగెత్తుకొచ్చి నాకేదీ అన్నాడు. రెండోది వాడికిచ్చాను. ఒక్క ముక్క అర్థం కాకపోయినా, మా పాప కంటే గట్టిగా అరుస్తూ మూడుసార్లు కొట్టాడు. ఇద్దరికీ కాళ్ళు కడిగి నోట్లో తీపి పెట్టాను. చిన్నప్పుడు అమ్మ నాకు పెట్టిన వరసలోనే పెడుతున్నానని అప్పుడు తెలిసి గొంతు పట్టేసింది. నాన్నకి ఫోన్ చేసి పిల్లల చేత మళ్ళీ చెప్పించాను.

వాళ్ళు అరిచేదేంటని మామి అడిగారు. నాగుల చవితి అని చెప్పి, ఇక్కడ పుట్ట ఎక్కడుందో తెలియదన్నాను. గుడి దగ్గర రావిచెట్టు కింద నాగప్రతిమలు ఉన్నాయట, ఆ రోజు తనే తీసుకెళ్తానన్నారు. పాలు మాత్రం మర్చిపోవద్దు, ఐదింటికే లేచి ఉండమన్నారు.