బాగున్న అతుకును కోసి చూస్తారు

షార్జాలో ఓడల రిపేరు వర్క్‌షాపులో నేను వెండితో పైపుకు అతికిన గన్‌మెటల్ (రాగి మిశ్రమం) సాకెట్‌ను మా ఫోర్‌మన్ చేతిలో అటూ ఇటూ తిప్పి చూశాడు. అతుకు చుట్టూ వెండి గీత సన్నగా, సమంగా తేలి ఉంది. "బహుత్ అచ్ఛా" అన్నాడు. అంటూనే తీసుకెళ్లి బ్యాండ్ సా మీద పెట్టి నిలువునా కోసేశాడు. బాగాలేదని కోస్తే ఊరుకునేవాణ్ణి. బాగుందని కోయడమేంటి? కడుపు మండిపోయింది.

మాది చండూరు. మా ఊరి ఇత్తడి సామాను గురించి నల్లగొండ జిల్లాలో పాతవాళ్లకు చెప్పే పనిలేదు. నాయన, చిన్నాయన కొలిమి మీదే మమ్మల్ని సాకారు. స్టీలు వచ్చింది, దాని వెనకే ప్లాస్టిక్ బిందె వచ్చింది, ఆ పని పడిపోయింది. నేను ఐటీఐలో వెల్డింగ్ నేర్చుకుని ఇటొచ్చాను. గల్ఫ్ అనగానే అందరికీ జగిత్యాల, సిరిసిల్ల గుర్తొస్తాయి గానీ మా దిక్కు నుంచి కూడా వచ్చినవాళ్లం ఉన్నాం. మా క్యాంపులో పాలమూరు వాళ్లతో కలిసే వండుకుంటాం.

నాయన బిందె అతికే తీరు చూసినవాళ్లకు నా కోపం అర్థమవుతుంది. రేకు అంచులను పళ్లు పళ్లుగా కత్తిరించి, ఒకదాంట్లో ఒకటి దూర్చి, సుత్తితో సాపు చేసేవాడు. ఇత్తడి రజనులో వెలిగారం, నీళ్లు కలిపి ఆ గీత వెంట పెట్టి కొలిమి మీద మెల్లగా తిప్పేవాడు. వెలిగారం ముందు తెల్లగా పొంగుతుంది. కాసేపటికి కూలబడి, కరిగి, అద్దంలా పరుచుకుంటుంది. ఆ తర్వాత రజను తళుక్కుమని మెరిసి అతుకులోకి దిగుతుంది. ఆ మెరుపు కనబడగానే బిందె పక్కకు తీసేయాలి. రజనులో జింకు పాలు ఎక్కువ కాబట్టి రేకు కన్నా కాస్త ముందు కరుగుతుంది, ఆ తేడా కొంచెమే. ఏమరితే అతుకుతో పాటు బిందె కూడా పోతుంది. థర్మామీటర్ లేదు, మెషీన్ లేదు, అంతా కంటి చూపే. తీసుకునేవాళ్లు నీళ్లు పోసి చూసేవారు, వేలితో కొట్టి మోత వినేవారు. కారితే అంగడి రోజు వచ్చి నలుగురిలో తిట్టేవారు. అంతేగానీ బాగున్న బిందెను ఎవరూ కోయలేదు.

ఇక్కడి పని వేరు, అది ఒప్పుకుంటాను. గన్‌మెటల్ అంటే మామూలుగా రాగి 85 పాళ్లు, తగరం, సీసం, జింకు ఐదేసి పాళ్లు. ఆ సీసం వల్ల వెల్డింగ్ చేస్తే పగుళ్లు వస్తాయి. ఇత్తడికి ఇంకో తంటా. జింకు 907 డిగ్రీల దగ్గర మరిగిపోతుంది, ఇత్తడి కరిగేది కూడా ఇంచుమించు అక్కడే. వెల్డింగ్ ఆర్క్ పెట్టామంటే తెల్ల పొగ లేస్తుంది, అతుకులో బొక్కలు పడతాయి. ఆ పొగ పీల్చినవాడికి రాత్రికి చలిజ్వరం. అందుకే వెండి రాడ్డుతో బ్రేజింగ్ చేస్తాం. 56 శాతం వెండి ఉన్న రాడ్డు 650 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది, అసలు లోహం కరగదు. మంట రాడ్డుకు పెట్టకూడదు, పైపుకూ సాకెట్‌కూ పెట్టాలి. రెంటి మధ్య మిల్లీమీటరులో పదో వంతు సందు ఉంటే వెండి దానంతట అదే లోపలికి పాకుతుంది.

మరి కోయడమెందుకు? ఫోర్‌మన్ ఫిలిప్పీన్స్ ఆయన, వయసులో పెద్దాయన. హిందీ, ఇంగ్లీషు కలిపి చెప్పాడు. వెండి లోపలి అంచుదాకా పోయిందా, మధ్యలో ఫ్లక్స్ (వెలిగారం లాంటి పొడి) ఇరుక్కుందా అనేది బయటి గీతను చూసి తెలియదట. ఇది సర్టిఫికెట్ పరీక్ష కాబట్టి కోసి, రుద్ది, భూతద్దంతో చూసి కాగితం మీద రాయాలట. పాసైనవాడు కూడా ఆరు నెలలు బ్రేజింగ్ పని ముట్టకపోతే మళ్లీ పరీక్షే. మా నాయనను చచ్చేదాకా ఎవరూ సర్టిఫికెట్ అడగలేదు.

కోసిన ముక్కలో వెండి నిండుగా ఉంది. అది చూసి ఆయన సంతకం పెట్టి, ముక్కలను స్క్రాప్ డబ్బాలోకి విసిరేశాడు. కొలిమి కింద రాలిన రజనును సాయంత్రం ఊడ్చి, జల్లించి దాచుకున్న ఇంట్లో పుట్టినవాడికి అది కోతకన్నా ఎక్కువ నొప్పి. అందులో ఉన్నది వెండి!

రాత్రి చిన్నాయనకు ఫోన్ చేసి చెప్పాను. "మంచిగున్నదాన్ని కోసుడేందిరా? మనిషి మీద నమ్మకం లేనోడు పని ఎట్ల చేయించుకుంటడు?" అన్నాడు. నాకూ ఆ మాటే కావాలనిపించింది. కానీ చెప్పకుండా ఉండలేక ఇంకో సంగతి కూడా చెప్పాను. మన రజను అతుకు ఓడలో పనికిరాదు. ఉప్పునీళ్లు అందులోని జింకును మెల్లగా తినేస్తాయి, మిగిలేది స్పాంజిలాంటి రాగి. పైకి అతుకు అలాగే కనిపిస్తుంది, లోపల బలం ఉండదు. చిన్నాయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మన బిందెలు సముద్రంల వేసినమా ఏంది? బాయి నీళ్లు పోసుకున్నం" అన్నాడు. నిజమే. మా నీళ్లలో ఫ్లోరైడ్ మనుషుల ఎముకలు వంచింది గానీ బిందెను ఏమీ చేయలేదు.

అయినా నాకు మింగుడు పడనిది ఒకటుంది. నాయన నా పనిని ఏనాడూ నోటితో మెచ్చుకోలేదు. అతుకు మీద బొటనవేలు పెట్టి చివరిదాకా జరిపి, మాట్లాడకుండా పక్కన పెట్టేవాడు. అదే నాకు పాస్. ఇక్కడ "బహుత్ అచ్ఛా" అని నోటితో అన్నారు, కాగితం మీద స్టాంపు కూడా వేశారు. అది నా బతాకాతో (ఇక్కడి గుర్తింపు కార్డు) పాటు జేబులోనే ఉంది, దాంతో జీతం కూడా కాస్త పెరగొచ్చు. అయినా ఆ బొటనవేలు ఇచ్చిన ధీమా దీంట్లో లేదు. ఇంటి మీద బెంగతో ఇలా అంటున్నానేమో, తెలియదు. ఓడలో ఆ పైపు పగిలితే ఇంజిన్ రూములోకి నీళ్లు వస్తాయి, అక్కడ బొటనవేలి లెక్క చాలదు. తెలిసినా కోపం పోలేదు.

చిన్నాయన కొడుకు ఇటు రావాలని చూస్తున్నాడు. వాడితో చాలాసేపే మాట్లాడాను. ఏజెంటుకు డబ్బు కట్టకముందే వెండి రాడ్డు పని పట్టుకో, రాగి ముక్కల మీద అతికి నువ్వే కోసి చూసుకో, పొగ వచ్చే పనికి మాస్క్ లేకుండా కూర్చోకు అని చెప్పాను. అన్నింటికీ "సరే అన్నా" అన్నాడు. ఆఖరికి వాడు అడిగింది మాత్రం, రూములో ఏసీ ఉంటదా అని.