చల్లగా ఉందని మురిసిపోయాను

ఎండాకాలంలో నా కారుకు వడదెబ్బ తగులుతుందని మా నాన్న ఎగతాళి చేస్తుంటాడు. ఎగతాళే అయినా నిజం. పొద్దున ఆరింటికి బెంగళూరులో బయల్దేరితే దేవనహళ్లి దాకా గుర్రంలా ఉరికే బండి, మధ్యాహ్నం సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్‌లో నలభై నిమిషాలు ఇరుక్కుని బయటపడ్డాక ఎద్దుబండి అయిపోతుంది. యాక్సిలరేటర్ తొక్కితే చప్పుడు వస్తుంది, ఊపు రాదు.

నాలుగేళ్ల కిందట సెకండ్ హ్యాండ్‌లో కొన్న జర్మన్ సెడాన్ అది. 3 లీటర్ల వీ6 పెట్రోల్ ఇంజను, రెండు సిలిండర్ వరసల మధ్య పల్లంలో కూర్చున్న రూట్స్ రకం సూపర్‌ఛార్జర్, అంటే గాలిని నొక్కి ఇంజన్లోకి తోసే యంత్రం. రూట్స్ అన్నది ఇద్దరు అన్నదమ్ముల ఇంటిపేరు. అమెరికాలో 1860లో దానికి పేటెంటు తీసుకున్నారు. మొదట్లో దాని పని బట్టీల్లోకి గాలి కొట్టడం. పుట్టుకతోనే వేడితో చుట్టరికం అన్నమాట.

ఇదే పని చేసే టర్బో ఇంజను పొగ తోపుడుకు తిరుగుతుంది, ఇది ఇంజను బెల్టుకు తిరుగుతుంది. ఎలా తిరిగినా గాలిని నొక్కితే వేడెక్కక తప్పదు. సైకిలుకు గాలి కొట్టి పంపు కింది కొస పట్టుకున్న వాళ్లందరికీ ఇది తెలుసు. నా బండిలో ఆ నొక్కుడు బయటి గాలి ఒత్తిడి మీద ఇంకో 0.8 బార్ దాకా పోతుంది. అప్పుడు సూపర్‌ఛార్జర్లోంచి బయటపడే గాలి వేడి వంద డిగ్రీలు సులువుగా దాటేస్తుంది. దాన్ని అలాగే సిలిండర్లోకి పంపితే నాకింగ్ వస్తుంది, అంటే పెట్రోలు దానంతటదే అంటుకుని ఇంజను టకటకమని కొట్టుకుంటుంది. అది రాకుండా కంప్యూటర్ స్పార్కును ఆలస్యం చేస్తుంది. నాకు తెలిసే నీరసం అదే.

గాలిని చల్లబరచడానికి సూపర్‌ఛార్జర్ ఒంట్లోనే రెండు చిన్న ఇంటర్‌కూలర్లు ఉంటాయి. వాటిలో తిరిగేది కూలెంట్ కలిపిన నీళ్లు. ఒక ఎలక్ట్రిక్ పంపు ఆ నీళ్లను బంపర్ వెనకున్న పల్చటి రేడియేటర్‌కు తోస్తుంది, అక్కడ చల్లబడి మళ్లీ పైకి వస్తాయి. ఇంజను రేడియేటర్ వేరు. మా మెకానిక్ దీన్ని ‘ముందు రేడియేటర్’ అంటాడు, నేనూ అలాగే అంటాను.

బండి కంప్యూటర్లోని అంకెలు చూపించే ఓబీడీ రీడర్ పెట్టి చూశాను. హైవే మీద నిలకడగా పోతుంటే ఇంజన్లోకి వెళ్లే గాలి 46 డిగ్రీలు. నంది హిల్స్ ఘాట్ ఎక్కేసరికి 72. ఘాట్‌లో ఇంజను మీద భారం ఎక్కువ, వేగం తక్కువ, ముందు రేడియేటర్‌కు తగిలే గాలి అంతకంటే తక్కువ. అందుకని రేడియేటర్ చాలట్లేదని తేల్చేశాను. విదేశం నుంచి రెట్టింపు మందం ఉన్నది తెప్పించాను. కస్టమ్స్ సుంకం కట్టిన సంగతి మా ఆవిడకు ఇప్పటికీ సగమే తెలుసు.

మెకానిక్‌ది మదనపల్లె. కోరమంగల వెనక సందులో షెడ్డు. కన్నడం, తమిళం, హిందీ అన్నీ మాట్లాడతాడు, బోల్టు జారితే మాత్రం తెలుగులోనే తిడతాడు. బంపర్ విప్పడానికి సగం రోజు, కొత్త రేడియేటర్ సరిపోక బ్రాకెట్లు కోసి అతికించడానికి మిగతా సగం పట్టింది. చీకటి పడుతుంటే పైనుంచి కూలెంట్ పోసి, ఇంజను కాసేపు తిప్పి, ట్యాంకులో మట్టం చూసి, ‘అయిపోయిందన్నా’ అన్నాడు. నేనూ సరే అన్నాను.

మంగళవారం పొద్దున్నే నంది హిల్స్ వెళ్లాను. శని ఆదివారాల్లో అక్కడ రేడియేటర్ పరీక్ష కుదరదు, ఓపిక పరీక్షే. పైకి చేరాక ఆపి చూస్తే 69. ఖర్చు పెట్టిన డబ్బుకు మూడు డిగ్రీలు. దిగి కింది జాలీలోంచి రెండు వేళ్లు దూర్చి కొత్త రేడియేటర్‌ను తాకాను. చల్లగా ఉంది, పొద్దుటి గాలంత చల్లగా. ఎంత బాగా పని చేస్తోందో అని మురిసిపోయాను. 69 ఎందుకొచ్చిందంటే సెన్సర్ పాడయ్యుంటుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

షెడ్డుకు వెళ్లి అదే చెప్పాను. పక్కన లారీ రేడియేటర్‌కు టంకం పెడుతున్న పెద్దాయన ఒకాయన ఉన్నాడు. కంప్యూటర్ జోలికి పోడు, వయసు డెబ్బైకి దగ్గర. తలెత్తకుండానే అన్నాడు.

"ఏమప్పా, రేడేటరు సల్లగుండాదంటే యేడి ఆడికి రాలేదని గదా."

నేనూ మెకానిక్కూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. పైన గాలి 69 డిగ్రీల్లో ఉడుకుతోంది. ఆ వేడిని మోసుకురావాల్సిన నీళ్లు రాకపోబట్టే కింద రేడియేటర్ చల్లగా ఉంది. అంత మందం రేడియేటర్ తెచ్చి బంపర్ వెనక ఊరికే అలంకారంగా పెట్టుకున్నాను.

మళ్లీ బంపర్ విప్పాం. పంపుకు లోపలికి వచ్చే గొట్టం కూలెంట్ బకెట్లో ముంచి, బయటికి పోయే గొట్టం అయిదు లీటర్ల క్యాన్లో పెట్టి, స్కానర్‌తో పంపును నడిపించాం. జుయ్యిమని పాడింది. క్యాన్ నిండటానికి 43 సెకన్లు. పంపు కరెంటు తీసుకుంటోంది, మోటారు తిరుగుతోంది, కంప్యూటర్‌కు ఏ లోపమూ కనిపించలేదు కాబట్టి వార్నింగ్ లైటు లేదు. విప్పి చూస్తే నీళ్లను తోసే ప్లాస్టిక్ రెక్కల చక్రం, ఇంపెల్లర్, ఇరుసు మీద వదులై వేలితో నెట్టినా తిరుగుతోంది. పదేళ్ల పంపు, దాన్ని అనడానికి లేదు. ముందే చూడని నన్ను అనాలి. కొత్త పంపు పెడితే అదే క్యాన్ 16 సెకన్లలో నిండింది.

పంపుతో పాటు ఇంకో తప్పూ బయటపడింది, అది మా ఇద్దరిదీ. ఇంటర్‌కూలర్లు ఇంజను మీద ఎత్తులో ఉంటాయి. పైనుంచి పోస్తే గాలి బుడగలు అక్కడ చేరి కూర్చుంటాయి. ట్యాంకులో మట్టం సరిగ్గానే కనిపిస్తుంది, ఇంటర్‌కూలర్లో మాత్రం నీళ్లకు బదులు గాలి. అందుకే ఈ రకం బండికి వాక్యూమ్ పెట్టి, అంటే ముందు లోపలి గాలి లాగేసి, ఆ తర్వాత నింపాలి. మా మెకానిక్ ఆ పరికరం జేసీ రోడ్డులో వాళ్లనూ వీళ్లనూ అడిగి అరువు తెచ్చాడు.

వీడియోల్లో ఆ పరికరం మీది ముల్లు 0.9 బార్ దాకా పోతుంది. మాది 0.8 దాటి కొంచెం కదిలి ఆగింది. ఎక్కడో లీకు ఉందని మెకానిక్ గొట్టాలన్నీ తడిమాడు. కాసేపటికి నాకు తట్టింది. బెంగళూరు సముద్రానికి తొమ్మిది వందల మీటర్ల ఎత్తులో ఉంది, ఇక్కడ గాలి ఒత్తిడే 0.91 బార్ దగ్గర. లేని ఒత్తిడిని ఎవరు లాగుతారు? పది నిమిషాలు అలాగే వదిలితే ముల్లు కదల్లేదు, లీకు లేదు. అప్పుడు కూలెంట్ వాల్వు తిప్పాడు. చదునుగా అతుక్కుపోయి ఉన్న రబ్బరు గొట్టాలు ఒక్కొక్కటే పాము ఎలుకను మింగినట్టు ఉబ్బుకుంటూ వచ్చాయి. అదే మొదటిసారి చూడటం. డబ్బు ఎటు పోయినా ఆ నిమిషం మాత్రం దక్కింది.

మధ్యలో నా తెలివి ఒకటి. ఉత్త నీళ్లు కూలెంట్‌లో ఉండే గ్లైకాల్ కలిపిన మిశ్రమం కంటే ఎక్కువ వేడిని మోస్తాయి, బెంగళూరులో గడ్డకట్టే చలి ఎటూ లేదు, ఉత్త డిస్టిల్డ్ వాటర్ పోద్దామన్నాను. మెకానిక్ ఒప్పుకోలేదు. ఈ బండిలో ఇంజనుకూ ఇంటర్‌కూలర్లకూ కూలెంట్ ట్యాంకు ఒకటే. ఇక్కడ పోసినది ఇంజన్లోకీ పోతుంది, అల్యూమినియం తుప్పు పడుతుంది, ఉడుకు తట్టుకోదు. సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్, అంతే. బోరు నీళ్ల మాటెత్తితే పెద్దాయన లారీ రేడియేటర్లోంచి గీకిన తెల్లటి సున్నం చూపించాడు.

ఈసారి నంది హిల్స్ పైన 55. ఆపి జాలీలో వేళ్లు దూరిస్తే చురుక్కుమంది. ఆ చురుకుకు ఎంత సంతోషపడ్డానో పక్కన మొక్కజొన్న కంకులు కాలుస్తున్నామెకు చెప్పలేకపోయాను. ఇంజను ఆపకుండా నిమిషం నిలబడితే 49కి దిగింది. ఇదివరకు పది నిమిషాలైనా దిగేది కాదు.

సిల్క్ బోర్డు దగ్గర ఇప్పటికీ 58 దాకా ఎక్కుతుంది. కదలని బండికి గాలి తగలదు, ముందు ఇంకో ఫ్యాను పెట్టాలంటున్నాడు మెకానిక్. ఆలోచిస్తున్నాను. అంతకంటే నన్ను తొలుస్తున్నది వేరే ఉంది. పంపు మార్చి, సరిగ్గా నింపి ఉంటే పాత రేడియేటరే సరిపోయేదా? అటక మీద అట్టపెట్టెలో అది భద్రంగా ఉంది. ఒక్కసారి తిరిగి బిగించి ఘాట్ ఎక్కి చూద్దామా అని మెకానిక్‌ను అడిగాను.

"అన్నా, ఆ బంపర్ మూడోసారి విప్పమంటే నేను మదనపల్లె బస్సెక్కేస్తా" అన్నాడు.