చునీ క్లబ్బు, బలరాం క్లబ్బు: డ్యూరాండ్ ఫైనల్ కోసం కోల్‌కతా ప్రయాణం

2023 ఆగస్టు 31 రాత్రి రెండో సెమీఫైనల్లో మోహన్ బగాన్ 2-1తో ఎఫ్‌సీ గోవాను ఓడించింది. ఆట అయిపోగానే కోల్‌కతాలో ఉన్న నా స్నేహితుడికి ఫోన్ చేశాను. హలో కూడా అనలేదు. "టికెట్ దొరికితే వస్తావా?" అన్నాడు. ఆ ప్రశ్నకు ఆలోచించాల్సిన పని లేదు. రెండు రోజుల ముందే ఈస్ట్ బెంగాల్ ఫైనల్ చేరింది. నార్త్ఈస్ట్ యునైటెడ్ మీద 0-2తో వెనకబడి, చివరి క్షణాల్లో స్కోరు సమం చేసి, పెనాల్టీల్లో గెలిచింది. అంటే 1888లో సిమ్లాలో మొదలైన, ఆసియాలోనే అతి పాతదైన ఫుట్‌బాల్ కప్పు ఫైనల్లో కోల్‌కతా చిరకాల ప్రత్యర్థులైన ఈ రెండు క్లబ్బులే తలపడబోతున్నాయి. పైగా అప్పటికి ఇద్దరి దగ్గరా 16 డ్యూరాండ్ కప్పులు. ఎవరు గెలిస్తే వాళ్లది పదిహేడోది.

నేను వెళ్లడానికి ఇంకో కారణం ఉంది. ఆ ఏడాది ఫిబ్రవరి 16న తులసీదాస్ బలరాం కోల్‌కతాలో కన్నుమూశారు. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టి, ఈస్ట్ బెంగాల్ ఎరుపు-పసుపు చొక్కాలో పేరు తెచ్చుకున్న ఆటగాడు. చునీ గోస్వామి, పీకే బెనర్జీ, బలరాం అని ముగ్గురి పేర్లూ ఒకే ఊపిరిలో చెప్పుకునే కాలం ఒకటుండేది. చునీ జీవితమంతా మోహన్ బగానే. బలరాం ఈస్ట్ బెంగాల్. మైదాన్‌లో ప్రత్యర్థులైన వీళ్లిద్దరూ 1962లో జకార్తాలో కోచ్ రహీం సాబ్ శిక్షణలో భారత్ తరఫున ఒకే జట్టుగా ఆడి ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చారు. ఆ ముగ్గురిలో చివరగా మిగిలిన మనిషి కూడా వెళ్లిపోయిన ఏడాదే చునీ, బలరాంల క్లబ్బులు ఫైనల్లో ఎదురుపడుతుంటే ఇంట్లో కూర్చుని టీవీలో చూడబుద్ధి కాలేదు.

సెప్టెంబరు 3, ఆదివారం ఉదయం హౌరాలో దిగాను. స్నేహితుడి ఇంటికి చేరేసరికి వంటింట్లో ఇలిష్ చేప కోసి ఉంది. మనం పులస అని నెత్తిన పెట్టుకునే చేపే అది. వాళ్ల నాన్నగారిది తూర్పు బెంగాల్‌లోని (ఇప్పటి బంగ్లాదేశ్) బరిశాల్ నుంచి వచ్చిన కుటుంబం, అంటే బాంగాల్. ఈస్ట్ బెంగాల్ గెలిచిన రోజు వాళ్లింట్లో ఇలిష్ వండాలి. మోహన్ బగాన్ అభిమానులైన ఘోటీల (పశ్చిమ బెంగాల్ స్థానికుల) ఇళ్లలో అయితే చింగ్రీ, అంటే రొయ్యలు. ఈ సంగతి చదివే ఉన్నాను. కానీ చేపను ముక్కలు చేసి, పసుపూ ఉప్పూ పట్టించి, మూతపెట్టి, "సాయంత్రం గెలిచాకే పొయ్యి వెలిగిస్తాను" అని కాకీమా (స్నేహితుడి అమ్మగారు) అన్నప్పుడు నా గుండె కూడా కాస్త వేగంగా కొట్టుకుంది.

అన్నం తింటున్నంతసేపూ కాకు (స్నేహితుడి నాన్నగారు) పాత సంగతులే చెప్పారు. 1920లో జోరాబగాన్ జట్టు మోహన్ బగాన్‌తో ఆటకు శైలేష్ బోస్ అనే తూర్పు బెంగాల్ ఆటగాణ్ని పక్కన పెట్టిందట. అది అవమానంగా తీసుకుని సురేశ్ చంద్ర చౌధురి బయటికొచ్చి, మరికొందరితో కలిసి పెట్టిన క్లబ్బే ఈస్ట్ బెంగాల్. తర్వాత దేశం రెండు ముక్కలైంది. ఇల్లూ పొలమూ వదిలేసి వచ్చిన లక్షల మందికి ఆ పేరులో పోయిన ఊరు కనబడింది. "మా నాన్న శరణార్థి కాలనీలో రేకుల షెడ్డులో ఉండేవాడు. ఈస్ట్ బెంగాల్ గెలిచిన రోజు మాత్రం తలెత్తుకుని తిరిగేవాడు" అన్నారాయన. అవతలి వాళ్ల గర్వమూ చిన్నదేం కాదు. 1911లో బ్రిటిష్ సైనిక జట్టు ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్ మీద ఒక్కరు తప్ప అందరూ వట్టికాళ్లతో ఆడి ఐఎఫ్ఏ షీల్డ్ గెలిచిన క్లబ్బు వాళ్లది. దేశమంతా తమదే అనుకున్న గెలుపు అది.

మధ్యాహ్నం సియాల్దా నుంచి మెట్రో ఎక్కాం. ఫూల్‌బగాన్ తర్వాత సాల్ట్ లేక్ స్టేడియం, రెండే స్టేషన్లు. ఒకే బోగీలో ఎరుపు-పసుపూ, మెరూన్-ఆకుపచ్చా కిక్కిరిసి ఉన్నాయి. కేకలు పెడుతున్నారు, జెండాలు ఊపుతున్నారు. అయినా ఒక ముసలాయన ఎక్కగానే రెండు రంగుల వాళ్లూ కలిసి సీటు ఖాళీ చేయించారు. స్టేషన్ బయట మాత్రం పోలీసులు దారులు వేరు చేశారు. అది అవసరమే. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో ఈ రెండు జట్ల ఆటలోనే గొడవ జరిగి 16 మంది అభిమానులు చనిపోయారు. ఏటా ఆ రోజును ఇక్కడ ఫుట్‌బాల్ ప్రేమికుల దినంగా గుర్తు చేసుకుంటారు. బారికేడ్ల మధ్య నడుస్తూ కాకు ఆ సంగతి చెప్పి కాసేపు మాట్లాడలేదు.

యువభారతి (సాల్ట్ లేక్) స్టేడియం లోపలికి అడుగుపెట్టిన క్షణం మాత్రం నాకు జీవితాంతం గుర్తుంటుంది. మెట్ల సొరంగంలోంచి పైకి వచ్చామో లేదో, ముందు శబ్దం వచ్చి తాకింది, తర్వాతే పచ్చిక కనబడింది. 1997లో ఫెడరేషన్ కప్ సెమీఫైనల్‌కు ఇక్కడే 1,31,781 మంది వచ్చారు. ఆ రోజు బైచుంగ్ భూటియా హ్యాట్రిక్‌తో ఈస్ట్ బెంగాల్ 4-1తో గెలిచింది. ఇప్పుడు కుర్చీలు వేశాక పట్టేది సుమారు 68 వేలే. కానీ మా చెవులకు ఆ తేడా ఏమీ తెలియలేదు. మా టికెట్లు ఈస్ట్ బెంగాల్ వైపు గ్యాలరీలో. ఎదురుగా మెరూన్ గోడ. వాళ్లు "జొయ్ మోహన్ బగాన్" అంటే, అది గాలిలో ఉండగానే ఇటు నుంచి "జొయ్ ఈస్ట్ బెంగాల్".

మొదటి సగం గోల్ లేకుండా గడిచింది. టీవీలో చూసేవాళ్లకు చప్పగా అనిపించి ఉండొచ్చు. గ్యాలరీలో ప్రతి త్రో-ఇన్‌కూ టెన్షనే. మూడు వారాల కిందట, ఆగస్టు 12న, గ్రూప్ ఆటలో నందకుమార్ గోల్‌తో ఈస్ట్ బెంగాల్ 1-0తో గెలిచి, వరసగా ఎనిమిది డెర్బీలు, అంటే ఈ రెండు జట్ల మధ్య ఆటలు, ఓడిన బాధ తీర్చుకుంది. మా వరసలో అందరి కళ్లూ మళ్లీ అతని మీదే.

62వ నిమిషంలో అనిరుధ్ థాపాకు రెండో పసుపు కార్డు, దాంతో ఎర్ర కార్డు. మోహన్ బగాన్ పది మంది అయిపోయారు. మా గ్యాలరీ అంతా లేచింది. నా పక్కన ఉన్న, అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడని పెద్దాయన నా భుజం పట్టుకుని ఊపేశారు. నేనూ లేచాను. ఇక గోల్ ఎప్పుడొస్తుందా అన్నదే ప్రశ్న.

వచ్చింది. 71వ నిమిషంలో, అవతలి వైపు. దిమిత్రి పెట్రాటోస్ బంతి తీసుకుని ముందుకు పరుగెత్తాడు. అడ్డుకునేవాళ్లు వెనక్కి తగ్గుతూ పోయారు. "కొట్టనివ్వకండి" అని మా వెనక ఎవరో అరిచారు. బాక్స్ బయటి నుంచే కొట్టాడు. బంతి వలలో పడింది. మా చుట్టూ వేల మంది ఉన్నారు, ఒక్క చప్పుడు లేదు. స్టేడియం అవతలి సగం మోగిపోతుంటే, మా సగంలో ఒక పిల్లవాడి ఏడుపు విడిగా వినిపించింది.

ఆ తర్వాత ఆ పది మంది ఆడిన తీరు చూసి తీరాలి. గెలుపు వాళ్లకు ఊరికే రాలేదు. ప్రతి బంతికీ ఒక ఒళ్లు అడ్డం వచ్చింది. నేను ఈస్ట్ బెంగాల్ గెలవాలనే కోరుకున్నాను. అయినా ఆఖరి ఇరవై నిమిషాలు చూశాక ఆ కప్పు వాళ్లది కాదని అనలేను. విజిల్ పడింది. 1-0. మోహన్ బగాన్‌కు పదిహేడో డ్యూరాండ్. డ్యూరాండ్ విజేతకు ఇచ్చే మూడు ట్రోఫీలూ మెరూన్ చొక్కాల చేతుల్లోకి వెళ్లేదాకా కాకు కుర్చీలోంచి లేవలేదు. "చూడాలి. 2004లో మనం వీళ్లను ఫైనల్లో ఓడించినప్పుడు వాళ్లూ చూశారు" అన్నారు.

ఇంటికొచ్చేసరికి రాత్రయింది. ఇలిష్ ఫ్రిజ్‌లోకి వెళ్లిపోయింది. పప్పూ అన్నం తిని పడుకున్నాం.

తెల్లవారితే సెప్టెంబరు 4. 1962లో జకార్తా ఫైనల్లో భారత్ దక్షిణ కొరియాను 2-1తో ఓడించింది ఇదే తేదీన. హౌరాలో లోకల్ ఎక్కి లిలువా, బేలూర్, బాలీ దాటి ఉత్తర్‌పాడాలో దిగాను. బలరాం తన చివరి ఏళ్లు ఈ ఊళ్లోనే గడిపారు. ఇల్లు వెతకలేదు, ఎవరి తలుపూ తట్టలేదు. గంగ ఒడ్డుకు నడిచి ఘాట్ మెట్ల మీద కూర్చున్నాను. కింది మెట్టు మీద ఇద్దరు కుర్రాళ్లు నిన్నటి ఆట గురించి గట్టిగా వాదించుకుంటున్నారు. ఒకడిది మెరూన్ చొక్కా, ఒకడిది ఎరుపు-పసుపు. వాదన తేలలేదు. కాసేపటికి చొక్కాలు విప్పి ఒకదాని మీద ఒకటి మెట్టు మీద పడేసి, ఇద్దరూ నీళ్లలోకి దూకారు.